మీకు తెలుసా? సిగరెట్ల దగ్గర చీలిన ‘ఆల్డి’

అమెరికాలో చదువుతున్న ఖానాపూర్ పిల్లలను అడిగి చూడండి, చవక సరుకులకు ‘ఆల్డి’ పేరు చెబుతారు. అది 1913లో జర్మనీలోని ఎస్సెన్‌లో, మన మంచిర్యాల వైపు ఉన్నట్టే బొగ్గుగని కార్మికులుండే పేటలో, ఒక తల్లి నడిపిన చిన్న కిరాణా దుకాణం. 1946లో కొడుకులు కార్ల్, థియో అల్‌బ్రెఖ్ట్ దాన్ని చేపట్టారు. హంగులు లేవు, రకాలు తక్కువ, ధరా తక్కువే. 1960 నాటికి దాదాపు 300 దుకాణాలు!

అప్పుడే పేచీ వచ్చింది. సిగరెట్లు అమ్ముదామన్నాడు థియో. దొంగతనాలు పెరుగుతాయి, వద్దన్నాడు కార్ల్. చివరికి ఉత్తర జర్మనీ థియోకు, దక్షిణం కార్ల్‌కు. పొలాల పంపకాలు ఎరిగిన మనకు ఇంత నెమ్మదిగా తేలడమే వింత! 1976లో కార్ల్ వాటా అమెరికా చేరింది. 1979లో థియో కుటుంబం అక్కడి ‘ట్రేడర్ జోస్’ కిరాణా దుకాణాల సంస్థను కొనేసింది.