ఆన్‌లైన్ నవల: గంజాం తీరం నుంచి పాఠకుల దాకా

ఆన్‌లైన్‌లో నవల రాయడమంటే చాలావరకు సీరియల్ రాయడమే. రచయిత భాగం తర్వాత భాగం విడుదల చేస్తూ, చదివేవాళ్ళను కూడగట్టుకుంటూ ముందుకు సాగుతాడు. తెలుగుకు ఇది కొత్త కాదు. కందుకూరి వీరేశలింగం ‘రాజశేఖర చరిత్రము’ 1878లో ‘వివేకవర్ధని’ పత్రికలో భాగాలుగా మొదలై, 1880లో పుస్తకంగా వచ్చింది. నూరేళ్ళ తర్వాత యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ కోసం పాఠకులు ‘ఆంధ్రభూమి’ వారపత్రిక ఎప్పుడొస్తుందా అని ఎదురుచూశారు. ఆన్‌లైన్ వచ్చాక మారినవి రెండు. సంపాదకుడు ఒప్పుకుంటేనే అచ్చు అన్న నియమం పోయింది. పత్రికల కట్ట చేరని ఊళ్ళకూ కథ చేరుతోంది.

ఈ రెండో మార్పు విలువ గంజాం వంటి చోట బాగా తెలుస్తుంది. అంతవరకు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న ఈ ప్రాంతం 1936 ఏప్రిల్ 1న ఒడిశాలో భాగమైంది. అక్కడి పట్టణమైన బరంపురంలో తెలుగు కుటుంబాలు నిలిచిపోయాయి కానీ తెలుగు ప్రచురణ మద్రాసు, విజయవాడ, హైదరాబాదుల చుట్టూ పెరిగింది. ఆ బరంపురంలోనే 1898లో పుట్టిన రచయిత ఉప్పల లక్ష్మణరావు వృక్షశాస్త్రం చదివి, ఐరోపా వెళ్ళి, తర్వాత మాస్కోలో రష్యన్ పుస్తకాలను తెలుగు చేశారు. ఆయన నవల ‘అతడు - ఆమె’ భార్యాభర్తల డైరీల రూపంలో సాగుతుంది. ఆ రూపం నేటి ఆన్‌లైన్ రచయిత గమనించదగ్గది. డైరీలో ఏ రోజు ముక్క ఆ రోజుకు పూర్తిగా ఉంటూనే, తర్వాత ఏమైందన్న ప్రశ్నను మిగిల్చి వెళ్తుంది.

తెలుగు తెరమీదికి రావడానికి కొంతకాలం పట్టింది. యూనికోడ్ తొలి ప్రమాణంలోనే, 1991లో, తెలుగుకు చోటు దక్కింది. అయినా మామూలు మనిషి కంప్యూటర్‌లో తేలిగ్గా తెలుగు రాయగలిగింది ‘లేఖిని’ వంటి పనిముట్లు వచ్చాకే. ఇంగ్లిష్ కీబోర్డుపై ఉచ్చారణ ప్రకారం కొడితే అది తెలుగు అక్షరాలుగా మారుస్తుంది. ఇప్పుడు ఆ పని ఫోన్ కీబోర్డే చేస్తోంది. చాలామంది ఫోన్‌లోనే రాస్తున్నారు, ఫోన్‌లోనే చదువుతున్నారు.

నవల పెట్టడానికి రెండు రకాల చోట్లున్నాయి. ఒకటి సంపాదకులు నడిపే వెబ్ పత్రికలు: 1998లో మొదలైన ‘ఈమాట’, 2007 నుంచి నెలనెలా వస్తున్న ‘కౌముది’, సీరియల్ నవలలకు చోటిచ్చే ‘సంచిక’. ఇక్కడ రచన పరిశీలనకు వెళ్తుంది, తిరిగి రావచ్చు కూడా. ప్రచురణ ఆలస్యమైనా, సాహిత్యం తెలిసిన పాఠకులు దొరుకుతారు. రెండోది 2014లో బెంగళూరులో పుట్టిన ‘ప్రతిలిపి’ వంటి వేదికలు. ఎవరైనా ఖాతా తెరిచి అదే రోజు తొలి భాగం పెట్టుకోవచ్చు. పాఠకులు రేటింగ్ ఇస్తారు, సమీక్ష రాస్తారు, ఫాలో అవుతారు. కొత్త భాగం రాగానే ఫాలోవర్లకు నోటిఫికేషన్ వెళ్తుంది. దిద్దే మనిషి లేడు కాబట్టి అక్షరదోషాల బాధ్యతా రచయితదే.

భాగం కట్టడంలోనే అసలు పనితనం ఉంది. ఒక ఉదాహరణ: 2013 అక్టోబర్ 12 రాత్రి ఫైలిన్ తుఫాను గంజాంలోని గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. దానిపై ఒక నవల అనుకుందాం. అచ్చు పుస్తకమైతే సముద్రాన్ని పది పేజీలు వర్ణించి కథలోకి రావచ్చు. ఫోన్‌లో చదివేవాడు అంతసేపు ఆగడు. పల్లెకారుల వీధిలోకి బస్సు వచ్చి నిలబడటంతో మొదలుపెట్టాలి. అందరూ మూటలతో ఎక్కుతుంటే, ఇంటి పెద్ద మాత్రం పడవను వదిలి రానని ఇసుకలో కూర్చుంటాడు. మనవడు చెయ్యి పట్టి లాగుతుంటే డ్రైవర్ హారన్ కొడతాడు. అక్కడ ఆపాలి. తుఫాను ఎప్పుడొచ్చిందో పాఠకుడికి ముందే తెలుసు, తాత బస్సెక్కాడో లేదో తెలియదు. రెండో భాగం ఆ జవాబుతో మొదలవ్వాలి. దాన్ని మరీ దాచిపెడితే పాఠకుడు మోసపోయాననుకుంటాడు. భాగానికి వెయ్యి, పదిహేను వందల మాటలు ఫోన్ చదువుకు సరిపోతాయి.

పాఠకులు పెరగడానికి మొదటి మార్గం వేళ తప్పకపోవడం. వారానికి రెండు భాగాలని చెబితే రెండూ రావాలి. అందుకే అనుభవమున్నవాళ్ళు పది, పదిహేను భాగాలు చేతిలో ఉంచుకునే విడుదల మొదలుపెడతారు. ప్రతి భాగం మొదట్లో ఒకటి రెండు వాక్యాల్లో జరిగిన కథ చెబితే మధ్యలో వచ్చినవాళ్ళూ నిలుస్తారు. పాఠకుల మాట వినాలి గానీ, అడిగినవాళ్ళందరి కోసం ముగింపు మార్చుకుంటూ పోతే కథ చెడుతుంది.

రెండో మార్గం వేరెవరూ ఇవ్వలేని కథ ఇవ్వడం. కాంట్రాక్టు పెళ్ళిళ్ళు, కోటీశ్వర కథానాయకులు ఈ వేదికల నిండా ఉన్నారు. గోపాల్‌పూర్ తీరంలో, ఒడియావాళ్ళు నోలియాలని పిలిచే మత్స్యకారుల ఇళ్ళలో తెలుగే మాట. గంజాం నుంచి సూరత్ మరమగ్గాలకు వలస వెళ్ళే కుర్రాళ్ళున్నారు. బరంపురంలో రెండేళ్ళకోసారి ఠాకురాణి జాతర జరుగుతుంది. ఈ బతుకులు తెలుగు నవలలో అరుదు. సంభాషణల్లో ఒడియా మాటలు రాక తప్పదు. వాటి అర్థం సందర్భంలోనే తెలిసేలా రాస్తే హైదరాబాద్ పాఠకుడికీ అడ్డు ఉండదు.

మూడోది చెవి దారి. తెలుగు రాష్ట్రాల వెలుపలి తెలుగు ఇళ్ళలో ఒడియా, ఇంగ్లిష్ బడుల్లో చదివిన పిల్లల్లో చాలామంది తెలుగు మాట్లాడతారు గానీ చదవలేరు. పాకెట్ ఎఫ్ఎమ్ వంటి ఆడియో వేదికల్లో తెలుగు సీరియళ్ళు ఉండటం వల్ల, తెలుగు అక్షరం రాని ఈ శ్రోతలూ కథకు దక్కుతారు.

ఉచితంగా పెట్టిన కథ డబ్బు తేదనుకోనక్కర్లేదు. అమెరికా రచయిత ఆండీ వియర్ ‘ది మార్షియన్’ను 2009 నుంచి తన వెబ్‌సైట్‌లో అధ్యాయాలుగా ఉచితంగానే ఇచ్చాడు. శాస్త్ర విషయాల్లో తప్పులుంటే పాఠకులే దిద్దారు. 2011లో కిండిల్‌లో 99 సెంట్లకు పెట్టాడు, 2014లో పెద్ద ప్రచురణ సంస్థ అచ్చు వేసింది, 2015లో సినిమా వచ్చింది. అందరికీ అంత అదృష్టం పట్టదు. తెలుగు వేదికల్లో చందా కట్టినవాళ్ళకే తెరుచుకునే భాగాల నుంచి వచ్చే వాటాయే సాధారణ ఆదాయం. ఆ వాటా ఎంతో, ఎలా లెక్కిస్తారో ముందే చదువుకోవాలి.

హక్కుల సంగతి సంతకానికి ముందే చూసుకోవాలి. భారత కాపీరైట్ చట్టం ప్రకారం రచన హక్కు రచయిత జీవితకాలం, ఆపైన 60 ఏళ్ళు ఉంటుంది. బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో జరిగితేనే చెల్లుతుంది. ఒప్పందంలో కాలం రాయకపోతే 5 ఏళ్ళని, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకేనని భావిస్తారు. ఆడియో, సినిమా, అనువాదం, అచ్చు హక్కులు విడివిడిగా ఇవ్వవచ్చు. అన్నీ ఒక్క వాక్యంలో అడిగే ఒప్పందమైతే, వాటిలో ఆ సంస్థ నిజంగా వాడేది ఏదో కనుక్కుని అంతవరకే రాసివ్వడం మేలు. వెబ్ పత్రికలు సాధారణంగా వేరెక్కడా రాని రచననే కోరతాయి కాబట్టి, ఏ చోట ముందు పెట్టాలో తొలి భాగం విడుదలకు ముందే తేల్చుకోవాలి.