పరాయి భాషలో న్యాయం

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని మన పెద్దల మాట. కాని ఊరి భాషే నోటికి రానప్పుడు ఆ మంచితనం ఏమాత్రం అక్కరకు వస్తుంది? ఈమధ్య ఈ ప్రశ్న నన్ను చాలా కలవరపెట్టినది.

నా పూర్వ శిష్యురాలొకతె జర్మనీ దేశంలో ఉద్యోగం చేస్తూ ఉండేది. కార్యాలయంలో వ్యవహారమంతా ఇంగ్లీషులోనే కనుక జర్మను నేర్చుకొనవలసిన అవసరం ఆమెకు తోచలేదు. ఒకనాడు ఆమెను పనినుండి తొలగించినట్లు జర్మను భాషలో ఒక లేఖ వచ్చినది. “గురువుగారూ! ఇంగ్లీషు వచ్చిన వకీలు కొరకు వెదకుతున్నాను. దొరకిన తరువాత దావా వేస్తాను” అని ఆమె టెలిఫోనులో నిదానంగా చెప్పినది. ఆ నిదానమే ప్రమాదకరమైనది. తొలగింపు లేఖ అందిన 3 వారాలలోగా కార్మిక న్యాయస్థానంలో దావా వేయకపోతే, ఆ తొలగింపు ఎంత అన్యాయమైనదైనా చెల్లిపోతుందని ఆ దేశపు శాసనం. ఈ సంగతి ఆమెకు తెలిసేసరికి 12 రోజులు గడచిపోయినవి.

పరదేశంలో మన మాట తెలిసిన వకీలును వెదకుకొనటం కొత్త సంగతి కాదు. డర్బనులో వర్తకం చేసే దాదా అబ్దుల్లా షేటుకు ప్రిటోరియాలో పెద్ద వ్యాజ్యం వచ్చిపడినది. ఆయనకు పేరుగల తెల్ల వకీళ్లున్నారు. కాని లెక్కలూ ఉత్తరాలూ గుజరాతీలో ఉన్నవి. ఆ రెండు భాషల నడుమ నిలువగల మనిషిగా, 105 పౌనుల ప్రతిఫలంమీద, 1893లో 23 ఏండ్ల బారిష్టరొకడు ఓడ ఎక్కినాడు. అతడే మోహనదాసు కరంచందు గాంధి. మరుసటి ఏడు బాలసుందరమనే తమిళ ఒప్పంద కూలీ, యజమాని కొట్టగా విరిగిన పళ్లతో ఆయన వద్దకు వచ్చినాడు. ఆ దీనుని గోడును ఆయనకు విప్పిచెప్పినది తమిళుడైన గుమాస్తా. మన కోస్తా జిల్లాలనుండి నేటాలు చెరకు తోటలకు పోయిన కూలీలలో ఎందరికి అట్టి గుమాస్తా దొరకినాడో!

నేటి జర్మనీలోనూ న్యాయస్థానపు భాష జర్మనే. కొన్ని న్యాయస్థానాలలో పెద్ద వాణిజ్య వివాదాలను ఇంగ్లీషులో విచారించే వీలు 2025 ఏప్రిల్‌నుండి కలిగినది గాని, అది ఉద్యోగం పోయినవారికి ఉపకరించేది కాదు. కనుక ఇంగ్లీషు వచ్చిన వకీలు అనగా ఇంగ్లీషులో వాదించేవాడని అర్థం కాదు. మన గోడును ఇంగ్లీషులో విని జర్మనులో వినిపించేవాడు, జర్మనులో వచ్చిన కాగితాన్ని మనచేత సంతకం పెట్టించకముందే విప్పిచెప్పేవాడు.

ఇందుకు భాష ఒక్కటే చాలదు. ఇంగ్లీషు ధారాళంగా మాట్లాడే ఆస్తిపాస్తుల వకీలుకంటె, తడుముకొంటూ మాట్లాడినా కార్మిక శాసనంలో ఆరితేరినవాడే మేలు. ఏయే శాఖలో ప్రత్యేకార్హత ఉన్నదో తెలిపే బిరుదులు అక్కడి న్యాయవాదులకు కలవు. మొదట అది చూడవలెను. రుసుము సంగతి ముందే అడుగుటలో నామోషీ లేదు. వేరే ఒడంబడిక లేనిచో సామాన్యునికిచ్చే తొలి సలహాకు పన్నుగాక 190 యూరోలకు మించి పుచ్చుకొనరాదు. కార్మిక న్యాయస్థానపు మొదటి అంచెలో గెలిచినవాడు సైతం తన వకీలు ఖర్చు తానే భరించవలెను.

అయితే వకీలు దొరకేదాకా గడువు ఆగదు. ఆ న్యాయస్థానంలో మొదటి అంచెకు వకీలు తప్పనిసరి కాదు. అక్కడి అర్జీల గదిలోని ఉద్యోగి దావాను వ్రాసుకొంటాడు. మా అమ్మాయి 19వ రోజున, జర్మను తెలిసిన తోటి ఉద్యోగినిని వెంటబెట్టుకొని పోయి దావా దాఖలు చేసినది. వకీలు ఆ తరువాతనే దొరకినాడు. రాజీకై జరిపే తొలి విచారణలోనే వ్యవహారం పరిష్కారమై, ఆమెకు కొంత పరిహారం ముట్టినది. దాదా అబ్దుల్లా వ్యాజ్యమూ చివరకు మధ్యవర్తిత్వంతోనే ముగిసినది కదా!

ఇప్పుడామె సాయంకాలాలు జర్మను నేర్చుకొంటున్నది. మొదట ఏ మాట నేర్చినావమ్మా అని అడిగినాను. “ఫ్రిస్ట్, గురువుగారూ” అన్నది. ఆ మాటకు అర్థం ‘గడువు’ అట.