గాదెలు ఖాళీ చేసిన గెలుపు

ప్రతి సోమవారం తెల్లవారకముందే సూళ్లూరుపేటలో చెన్నై లోకల్ ఎక్కుతాను. ఇంజినీరింగ్ అయ్యాక ఆరేళ్లుగా ఇదే బతుకు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. రైలు కాస్త దూరం వెళ్లగానే బోర్డుల మీద తెలుగు పోయి తమిళం వచ్చేస్తుంది. ఓరుగల్లు కోట అంటే ఎక్కడో తెలంగాణలో ఉన్నది, దానితో మాకేం పని అనుకునేవాణ్ణి.

పోయిన వేసవిలో ఇంటిల్లిపాదీ కంచి వరదరాజస్వామి గుడికి వెళ్లాం. ఆ గుడిలో కాకతీయ ప్రతాపరుద్రుడి సేనాని ముప్పిడి నాయకుడి శాసనం ఉందని తిరిగొచ్చాక చదివి ఆశ్చర్యపోయాను. దాని మీద ఏడాది 1316. అప్పట్లో పాండ్య అన్నదమ్ములు సింహాసనం కోసం కొట్టుకుంటున్నారు. ఆ సందులో కేరళ రాజు రవివర్మ కులశేఖరుడు కంచి దాకా వచ్చేశాడు. అప్పుడు ముప్పిడి నాయకుడు వెళ్లి కంచిని పట్టుకున్నాడు, మానవీరుడనే అతన్ని అక్కడ అధికారిగా కూర్చోబెట్టాడు. నెల్లూరికీ కంచికీ మధ్య ఉన్న మా సీమ అప్పుడు ఊరకే ఉండి ఉంటుందా?

ఉత్తరాన మరో కథ

దక్షిణాన గెలుస్తున్న ఆ రాజుకే ఉత్తరం నుంచి ఊపిరాడలేదు. 1303లో వచ్చిన ఢిల్లీ సైన్యం ఓడి వెళ్లిపోయింది. 1310లో మాలిక్ కాఫూర్ ముట్టడికి మాత్రం తలొగ్గి, ఏనుగులు, గుర్రాలు, ధనం ఇచ్చి, ఏటా కప్పం కడతానని ఒప్పుకోవాల్సి వచ్చింది. కట్టడం ఆగిపోయేసరికి 1318లో ఖుస్రో ఖాన్ వచ్చాడు. మళ్లీ కట్టడం, మళ్లీ ఆపడం.

1321లో ఉలుగ్ ఖాన్ వచ్చాడు. తర్వాత మహమ్మద్ బిన్ తుగ్లక్ అయింది ఇతనే. ముట్టడి సాగుతుండగా ఢిల్లీ నుంచి తపాలా రావడం ఆగిపోయింది. సుల్తాన్ చనిపోయాడని పుకారు పుట్టింది. సేనానులు చెల్లాచెదురయ్యారు, ఉలుగ్ ఖాన్ దేవగిరికి వెనక్కి తగ్గాడు.

ఇక పీడ వదిలిందనుకుని ఓరుగల్లు సంబరం చేసుకుందని, గాదెలు తెరిచి విందులు పెట్టిందని చరిత్రకారులు రాస్తారు. ఉలుగ్ ఖాన్ కొత్త బలంతో తిరిగొచ్చేసరికి కోటలో తిండిగింజలు తక్కువ. 1323లో కోట పడిపోయింది. బందీగా ఢిల్లీకి తీసుకెళుతుంటే దారిలో నర్మద ఒడ్డున ప్రతాపరుద్రుడు ప్రాణం విడిచాడు.

ఇది మనకొక్కరికే జరిగిన పొరపాటు అనలేం. అదే కాలంలో, 1314లో, బ్యానక్‌బర్న్ దగ్గర రాబర్ట్ బ్రూస్ ఇంగ్లండ్ సైన్యాన్ని చిత్తుగా ఓడించాడు. అయినా స్కాట్లాండ్‌ను వేరే రాజ్యంగా ఇంగ్లండ్ ఒప్పుకున్నది 1328లో! ఆ ఒక్క గెలుపుతో బ్రూస్ కత్తి దించేయలేదు.

నా గాదె

ఇదంతా చదువుతుంటే నా మీద నాకే నవ్వొచ్చింది. నిరుడు మా ఆఫీసులో సర్వర్ పడిపోయింది. రెండు రాత్రులు కూర్చుని లేపాం. ఆ రోజే బిర్యానీ తెప్పించుకున్నాం, చోటు చాలడం లేదని పాత బ్యాకప్ నేనే తీసేశాను. మూడు వారాలకు సర్వర్ మళ్లీ పడింది. ఆ రాత్రి నా మొహం చూడాల్సింది!

మా అమ్మ చదివింది అయిదో తరగతే. చేలో పంట బంగారంలా కనిపిస్తున్నా, ఇంట్లో పాత బియ్యం బస్తా ఒకటి విప్పకుండా ఉంచుతుంది. ఎందుకమ్మా అంటే ఒకటే మాట:

"వడ్లు ఇంటికొచ్చాక చూద్దాం లేరా."