ఏరువాక – మాటలోని మర్మము



జ్యేష్ఠ శుద్ధ పూర్ణిమను మన పల్లెలలో ఏరువాక పున్నమి అంటారు. పండుగ పేరు మనకు తెలిసినదే. కాని ఆ పేరులో పెద్దలు నిక్షేపించిన అర్థమును మనం ఎంతవరకు గ్రహించాము?

‘ఏరు’ అనగానే మనకు నది స్ఫురిస్తుంది. ‘వాక’ అనే మాటకు కూడా ప్రవాహమనే అర్థమున్నది. అందువలన ఇది నీటి పండుగ కాబోలునని తోచవచ్చు. కాని ఈ ఏరు వేరు. ఎద్దులను పూన్చిన నాగలికి ఏరు అని పేరు. తమిళ, కన్నడ సోదరుల సేద్యపు పలుకుబడిలోను ఈ మాట ఉన్నది. కనుక ఇది దక్షిణదేశపు కర్షకులందరికీ సంక్రమించిన ప్రాచీన సంపద. ఏరువాక అనగా దుక్కికి ఆరంభము.

ఇందులోని విశేషమును గమనించండి. చావడి మూలన ఆనించిన నాగలి వట్టి కొయ్య. అది ఏరు కాదు. కాడి మోపి, ఎద్దులు రెండూ జత కూడినప్పుడే అది ఏరు అవుతుంది. అనగా ఈ చిన్న మాట పనిముట్టును, పశువును వేరు చేయలేదు. ఆనాటి ఆచారము కూడా అట్లే ఉన్నది. నాగలిని కడిగి పసుపు కుంకుమలు పెడతారు. ఎద్దులకు స్నానము చేయించి, కొమ్ములకు రంగులు పూసి, మెడలో గంటలు కట్టి, పొంగలి తినిపిస్తారు. ఆ పిమ్మటనే భూమిని దున్నుతారు. కన్నడ దేశములో అదే పూర్ణిమనాడు కారహుణ్ణిమె పేరుతో ఎద్దులను అలంకరిస్తారు.

ఈ భావమునకు వేదమే మూలము. ఋగ్వేదము నాలుగవ మండలములోని 57వ సూక్తము క్షేత్రపతిని స్తుతిస్తుంది. నరులు సుఖముగా దున్నాలని మాత్రమే ఋషి కోరలేదు. లాగే ఎద్దులు కూడా సుఖముగా ఉండాలని, వాటికి కట్టే పట్టెడలు సైతము సుఖముగా అమరాలని కోరినాడు! ఆ సూక్తములోనే సీతకు నమస్కారమున్నది. సీత అనగా నాగటిచాలు. జనక మహారాజు భూమిని దున్నుతుండగా లభించిన తల్లికి ఆ పేరే నిలిచినది.

నేడు అనేక గ్రామములలో ట్రాక్టరు వచ్చినది, ఎద్దుల కొట్టము ఖాళీ అయినది. కాలమును మనము నిందింపనక్కరలేదు. కాని కొట్టముతో పాటు కృతజ్ఞత కూడా ఖాళీ అయితే, ఏరువాక పంచాంగములో ఒక మాటగా మాత్రమే మిగులుతుంది. ఇంటి పశువునకు, పొలములోని కూలివానికి మన అన్నములో భాగమున్నదని ఆ మాట మనకు చెబుతూనే ఉన్నది.

గీతాచార్యుడు పదమూడవ అధ్యాయములో ఈ శరీరమునే క్షేత్రమన్నాడు. ఆ క్షేత్రములోను ఒంటి కొయ్యతో దుక్కి సాగదు. జ్ఞానము, భక్తి అనే జోడెడ్లను పూన్చినప్పుడే ఏరు కదులుతుంది. ఈ పున్నమినాడు ఒక గోవునకో, ఎద్దునకో పిడికెడు గ్రాసమైనా సమర్పించి, ఆ దుక్కికి శ్రీకారము చుట్టుదాము.

స్వస్తి.