తెరమీది బొత్తాము: దాని లోపలి యేర్పాటు

కంప్యూటరు తెరమీద కనబడు బొత్తాము నిజమైన బొత్తాము గాదు. రంగుచుక్కలతో కూర్చిన బొమ్మ మాత్రమే. మౌసుతో నొక్కగానే అది క్రుంగినట్లు తోచుటయు, కోరిన పని నెరవేరుటయు, ఎవరో ముందుగా వ్రాసియుంచిన ఆజ్ఞల ఫలితము. ఇట్టి బొత్తాములకును, వ్రాతపెట్టెలకును, జారుడుపట్టీలకును విడ్జెట్లని పేరు. నొక్కుట, లాగుట, మీట కొట్టుట మొదలగు ప్రతి చేష్టయు ఒక ఈవెంటు. విడ్జెట్లను సిద్ధపరచి యిచ్చు సరంజామాను టూల్‌కిట్ అందురు. వానిలో జీటీకే యనునది ప్రసిద్ధమైనది. దాని నిర్మాతలు తమ యింటి లోపలి యేర్పాటును ఎట్లు మార్చిరో, ఆ మార్పువలన ఎవరికి మేలును ఎవరికి శ్రమయు కలిగెనో యిచ్చట తెలిపెదను.

జీటీకే విద్యార్థుల చేతిలో పుట్టినదని మన బాలబాలికలు గమనింపవలెను. అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్‌లీ శాఖలో చదువుచుండిన స్పెన్సర్ కింబల్, పీటర్ మాటిస్ అను వారిరువురు గింప్ అను చిత్రసాధనమును రచించి, 1996లో లోకమున కిచ్చిరి. తొలుత దానిని మోటిఫ్ అను పరుల టూల్‌కిట్‌పై నిలిపిరి. అది స్వేచ్ఛగా పంచుకొనదగినది కానందున తామే యొకదానిని నిర్మించుకొని, గింప్ టూల్‌కిట్ అని పేరిడిరి. ఆ మాటకు సంక్షేపమే జీటీకే. 1998లో దాని 1.0 సంస్కరణము వెలువడెను. పిమ్మట లినక్సు కంప్యూటర్లలో పెక్కు ప్రోగ్రాములు దానిని ఆశ్రయించినవి.

పాత యేర్పాటులో ప్రతి విడ్జెట్టును తన ఈవెంట్లను తానే విచారించుకొనవలసియుండెను. ఒక వస్తువును లాగుట యను చిన్న పనినే తీసికొందము. మౌసు ఎచ్చట నొక్కబడెనో గుర్తుంచుకొనవలెను. ఎంత దూరము జరిగెనో లెక్కింపవలెను. మీట వదలినంతనే ఆ లెక్కను ముగింపవలెను. జారుడుపట్టీలో ఈ ఆజ్ఞలున్నవి. బొమ్మలు గీయు పలకలోను అవియే మరల వ్రాయబడినవి. ఒకచోట తప్పు దిద్దినను తక్కినచోట్ల అది నిలిచియేయుండును. వ్రేలితో తాకు తెరలు వచ్చిన తరువాత చిక్కు ఇనుమడించెను. రెండు వ్రేళ్లతో బొమ్మను పెద్దది చేయుట ఏ విడ్జెట్టుకును పూర్వము తెలియని విద్య. ఇంకొక వింత గలదు: వట్టి అక్షరముల పట్టీ ఈవెంటులను స్వీకరింపజాలదు గనుక, దానిని ఈవెంటుబాక్సు అను కనబడని పెట్టెలో కూర్చుండబెట్టవలసివచ్చెడిది!

మోషే ఉదయము మొదలు సాయంకాలమువరకు జనుల వ్యాజ్యములన్నియు తానొక్కడే తీర్చుచుండగా, మామయగు యిత్రో చూచి, సమర్థులను నియమించి భారము పంచుమని హితవు చెప్పిన వృత్తాంతము నిర్గమకాండమున మన మెరిగినదే. 2014లో వెలువడిన జీటీకే 3.14లో జరిగిన దించుమించుగా అదియే. లాగుటకు ఒక కంట్రోలరు, పెద్దది చేయుటకు మరియొకటి, ఈ విధముగా ప్రత్యేక సేవకులు ఏర్పడిరి. విడ్జెట్టు తనకు కావలసిన సేవకుని పిలిచికొని, ఫలితమును మాత్రము వినును.

ఈవెంటు నడచు త్రోవయు స్పష్టమాయెను. హాస్టలు విద్యార్థికి వచ్చిన జాబు మొదట వార్డెను చేతినిబడి, పిదప విద్యార్థిని చేరునట్లు, ఈవెంటు పైనున్న కిటికీనుండి లోపలి విడ్జెట్టువరకు దిగివచ్చి, మరల పైకి పోవును. దిగునప్పుడే పట్టుకొనవలెనో, ఎక్కునప్పుడు పట్టుకొనవలెనో కంట్రోలరు ముందే తెలుపవచ్చును. ఒక స్పర్శను ఒక కంట్రోలరు తనదని ప్రకటించినచో తక్కినవి దానిని విడిచిపెట్టును.

ఇందు మన భాషకు సంబంధించిన విషయ మొకటి యున్నది. ఆంగ్లపు మీటలు కొట్టి తెలుగక్షరములు పొందు పద్ధతిలో, కొట్టిన మీటలన్నియు ముందుగా ఇన్‌పుట్ మెథడ్ అను సాధనమునకు పోవలెను; అదియే వానిని కూర్చి అక్షరముగా మార్చును. టూల్‌కిట్టుతో వచ్చు వ్రాతపెట్టెలు ఈ నియమమును పాటించుచునేయుండెను. కాని స్వంతముగా వ్రాతపెట్టె చేసికొను ప్రోగ్రామరు ప్రతి మీటను తన చేతులతోనే అచ్చటికి పంపవలసియుండెను. ఆంగ్లము మాత్రమే వ్రాయువాడు ఈ మెట్టును మరచినను అతనికి లోపము కానరాదు. తెలుగు వ్రాయువానికి మాత్రము అక్షరము రాదు. జీటీకే 4లో మీటల కంట్రోలరునకు ఆ సాధనమును ఒకసారి జతపరచిన చాలును. ఈ యొక్క కారణముచేతనైనను ఈ మార్పు చేయదగినదే యని నా యభిప్రాయము.

బయటి నడత మారకుండ లోపలి యేర్పాటును చక్కదిద్దుటకు రీఫ్యాక్టరింగ్ అని పేరు. 2014లో జరిగినది నిజముగా అట్టిదే: పాత మార్గమును మూయక, క్రొత్తదానిని దాని ప్రక్కనే తెరచిరి. 2020 డిసెంబరులో జీటీకే 4.0 వచ్చినప్పుడు విడ్జెట్ల పాత ఈవెంటు సంకేతములును, ఈవెంటుబాక్సును తొలగింపబడెను. తెరముందు కూర్చున్నవానికి బొత్తాము బొత్తామే. కాని ఆ టూల్‌కిట్టుపై ప్రోగ్రాములు కట్టినవారికి ఇది లోపలి మార్పు గాదు. వారి వాకిలియే మారెను. ఆరేండ్ల గడువు లభించినమాట వాస్తవమే. జీతము లేక సాయంకాలములందు పనిచేయు నలుగురైదుగురికి ఆరేండ్లు ఎంతటివి?

దీనికి గింప్ కంటె మంచి సాక్ష్యము లేదు. ఎవరికొరకు జీటీకే పుట్టెనో ఆ గింప్ 2018లో వెలువడిన 2.10 సంస్కరణమునను జీటీకే 2 పైననే నిలిచియుండెను. జీటీకే 4.0 రాకతో జీటీకే 2నకు మరమ్మతులు నిలిపివేయబడెను. 2011లో వచ్చిన జీటీకే 3పై నిలిచిన గింప్ 3.0 వెలువడినది 2025 మార్చిలో. అప్పటికి జీటీకే 4 వచ్చి నాలుగేండ్లు దాటెను. గింప్ 2.10 కొరకు ఇతరులు వ్రాసియిచ్చిన ప్లగిన్లు 3.0లో మార్పులేక పనిచేయవు గనుక, ఆ శ్రమ ఇప్పుడు వాని రచయితలవంతు వచ్చినది.