రాణి చేరేలోపే

నడిగడ్డ పల్లెల్లో హరిశ్చంద్ర నాటకం పడితే జనం కాటి సీను కోసమే తెల్లవార్లూ మేలుకుంటారు. జాషువా పద్యాలయ్యాక, హార్మోనియం నెమ్మదించాక, చంద్రమతి మెడ వంచి నిలబడుతుంది. కాశీరాజు కొడుకును చంపిందని ఆమె మీద నేరం. చంపలేదని చూసేవాళ్లందరికీ తెలుసు, శిక్ష వేసిన రాజుకు తెలియదు. కత్తి ఎత్తాల్సినవాడు కట్టుకున్న మొగుడు. మరణశిక్ష మీద తెలుగులో ఇంతకన్నా గట్టి నాటకం నేను చూడలేదు. బలిజేపల్లి లక్ష్మీకాంతం దాన్ని సత్యవ్రతం కథగా రాశారు, మనమూ అలాగే చూశాం. నిర్దోషికి మరణదండన పడిన కథ అనుకోలేదు. కత్తి దిగేలోపు దేవుడొస్తాడు కదా, ఆ ధీమా.

గద్వాల దాటి నాగర్‌కర్నూల్ వైపు వస్తే ఆ ధీమా ఉండదు. లింగాల మండలం అవుసలికుంట దర్శనం మొగులయ్య పన్నెండు మెట్ల కిన్నెర మీద పండుగ సాయన్న కథ చెబుతారు. 2022లో పద్మశ్రీ వచ్చింది, అంతకుముందు ఏడాది సినిమా పాటతో పేరు ఊరూరా పాకింది. సాయన్న కథ మాత్రం అంతకు ఎంతో ముందు నుంచి పాలమూరు నోట ఉంది. నిజాం కాలంలో ఉన్నోళ్లను దోచి లేనోళ్లకు పెట్టాడు, పేదింటి ఆడపిల్లల పెళ్లిళ్లు చేశాడు. పెద్దలు పగబట్టారు, సర్కారుకు దొరికాడు. వనపర్తి రాణి శంకరమ్మ సొమ్ము కట్టి విడిపించుకుంటానని ముందుకొచ్చిందని, ఆ సాయం అందేలోపే అతని ప్రాణం తీశారని జనం చెప్పుకుంటారు.

ఈ ఒక్క ముక్క దగ్గరే నా మనసు ఆగిపోతుంది. సంస్థానం ఏలే రాణి ఒక దొంగ ప్రాణానికి వెల కట్టడం చిన్న సంగతా! చరిత్ర పుస్తకాల్లో ఇది ఎంతవరకు నిలుస్తుందన్నది వేరే చర్చ. పాడుకునే జనం మాత్రం సాయన్న తప్పొప్పులతో పాటు ఆ ఆలస్యాన్నీ గుర్తుపెట్టుకున్నారు.

ఆ ఆలస్యం మన కాలంలోనూ జరిగింది. ఆదిలాబాద్ రైతుకూలీలు భూమయ్య, కిష్టాగౌడ్‌ల ఉరి 1975 మే నెలలో ఆఖరి గడియల్లో ఆగింది. జూన్‌లో ఎమర్జెన్సీ వచ్చింది. డిసెంబర్ 1న ముషీరాబాద్ జైల్లో ఇద్దరినీ ఉరితీశారు. ఆ జైలు ఇప్పుడు లేదు, ఆ నేల మీద గాంధీ ఆసుపత్రి ఉంది. పాలమూరు రోగులూ అక్కడికి వెళ్తారు.

ఒకసారి మాత్రం సాయం వేళకు అందింది. 1993లో చిలకలూరిపేట దగ్గర బస్సు దహనంలో 23 మంది కాలిపోయారు. ఆ కుటుంబాల దుఃఖాన్ని తక్కువ చేసే మాట ఒక్కటీ నేను రాయను. దోపిడీకి వెళ్లి పెట్రోలు పోసిన ఇద్దరు దళిత యువకులకు ఉరి పడింది. 1997లో గడువు ముంచుకొచ్చాక హక్కుల సంఘాల పరుగుతో ఆగింది. 1998లో రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ దాన్ని యావజ్జీవంగా మార్చారు.

2014లో సుప్రీంకోర్టు రెండు మాటలు చెప్పింది. క్షమాభిక్ష అర్జీని అకారణంగా ఏళ్ల తరబడి నానబెడితే ఉరిని యావజ్జీవంగా మార్చవచ్చు. అర్జీ తోసిపుచ్చాక కనీసం 14 రోజులు ఆగాలి, ఇంటివాళ్లకు ముందే కబురు పెట్టాలి. ఆఖరి చూపుకు బయలుదేరే తల్లికి ఆ పద్నాలుగు రోజులంటే ఏమిటో, చేతిలో బస్సు చార్జీలు లేని ఇల్లు చూసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

మన రంగస్థలం ఈ ఎదురుచూపును ఇంకా తగినంతగా పట్టుకోలేదు. వనపర్తిలోనో గద్వాలలోనో కొత్త నాటకం కట్టే కుర్రాళ్లకు నాదొక విన్నపం. ఉరికంబంతో మొదలుపెట్టకండి. వనపర్తి కోటలో రాణి సొమ్ము లెక్క పెట్టిస్తుండగా తెర తీయండి. బయట మనిషి సిద్ధంగా ఉన్నాడు. దారి పొడవుంది.