ఖాళీ గాడి చెప్పే కబుర్లు

● రికార్డు మీద ముల్లు పెట్టాక, పాట మొదలయ్యేలోపు స్పీకర్లలో లోతుగా ఓ గురగుర వినిపిస్తే దాని పేరు రంబుల్. మోటారు అదురు, బేరింగు ఒరిపిడి పళ్లెం మీదుగా ముల్లు దాకా పాకితే పుట్టే చప్పుడది. ఏ కదలిక పాటదో, ఏది యంత్రానిదో ముల్లుకు తెలియదు. రెంటినీ స్పీకర్లకు చేరవేస్తుంది.

● అంత చిన్న అదురు అంత పెద్దగా ఎందుకు వినిపిస్తుంది? ఎల్పీ మీద మంద్రస్వరాలను తగ్గించి చెక్కుతారు. లేకపోతే గాడి ఊగి ఊగి పక్క గాడిలోకి చొరబడుతుంది. 1954లో స్థిరపడిన ఆర్‌ఐఏఏ పద్ధతి ప్రకారం ఫోనో ఆంప్లిఫయర్ ఆ లోటును పూడుస్తుంది. 1,000 హెర్ట్జ్‌తో పోలిస్తే 20 హెర్ట్జ్ దగ్గర తొమ్మిది రెట్లకు పైగా పెంచుతుంది. పాటతోపాటు గురగురా పెరుగుతుంది!

● ప్రతి చప్పుడుకూ ఓ చిరునామా ఉంటుంది. ఎల్పీ ఒక చుట్టు తిరగడానికి 1.8 సెకన్లు పడుతుంది. సరిగ్గా ఆ లయలో వచ్చే ఊగు రికార్డు వంకరదో, పళ్లేనిదో. నాలుగు ధ్రువాల మోటారైతే మన 50 హెర్ట్జ్ కరెంటు మీద సుమారు 25 హెర్ట్జ్ దగ్గర అదురుతుంది. అదే మోటారు 60 హెర్ట్జ్ కరెంటున్న అమెరికాలో 30 దగ్గరికి చేరుతుంది.

● ఇంట్లోనే కొలవచ్చు. ఫోనో ఆంప్లిఫయర్‌ను కంప్యూటర్‌కు కలిపి, ఆడాసిటీ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో మూడుసార్లు రికార్డు చేయాలి. ముల్లు ఎత్తి ఉంచితే వచ్చేది కరెంటు హమ్: 50, 100 హెర్ట్జ్‌ల దగ్గర నిలువు గీతలు. ఆగి ఉన్న రికార్డు మీద ముల్లు దించితే కొత్తగా చేరేది గదిలోని అదురు: అడుగుల చప్పుడు, ఫ్యాను. టెస్ట్ రికార్డులోని ఖాళీ గాడి మీద నడిపితే ఇంకా చేరేది రంబుల్. మూడు గ్రాఫులనూ ఒకదానిపై ఒకటి పెడితే దొంగ దొరికిపోతాడు.

● మోనో మీట నొక్కగానే గురగుర తగ్గిందా? అయితే అదురు పైకీ కిందికీ ఉంది. స్టీరియో గాడిలో నిలువు కదలిక రెండు చానళ్లలో ఎదురెదురుగా నమోదవుతుంది. రెంటినీ కలిపితే చెల్లిపోతుంది.

● కంపెనీలు ఇచ్చే రంబుల్ అంకెల్లో రెండు రకాలున్నాయి. జర్మన్ ప్రమాణం డిన్ 45539లో ‘ఎ’ కొలత లోతైన అదురునంతా లెక్కలోకి తీసుకుంటుంది. ‘బి’ మాత్రం చెవి బాగా పట్టే 315 హెర్ట్జ్ చుట్టుపక్కలకే ఎక్కువ విలువిస్తుంది. అందుకే ‘బి’ అంకె మెరుగ్గా కనిపిస్తుంది. టెక్నిక్స్ ఎస్‌ఎల్-1200 ఎమ్‌కే2 ప్లేయరుకు ప్రకటించిన మైనస్ 78 డెసిబెల్స్ ‘బి’ కొలతే. అంటే ప్రమాణంగా తీసుకున్న స్వరంలో దాదాపు ఎనిమిది వేలో వంతు. రెండు ప్లేయర్లను పోల్చేటప్పుడు ‘ఎ’ను ‘ఎ’తోనే, ‘బి’ని ‘బి’తోనే పోల్చాలి.

● మంచి ప్లేయర్ల విషయంలో కొలతకు రికార్డే అడ్డొచ్చింది. ఎంత నునుపుగా చెక్కినా ఖాళీ గాడికి తనదైన గరగర ఉంటుంది. అందుకే థోరెన్స్ సంస్థ పళ్లెం నడిమి ఇరుసుకు తొడిగే ఓ చిన్న పరికరం తయారుచేసింది. ముల్లు రికార్డుకు బదులు దాని మీద ఆనుతుంది. యంత్రం రికార్డును మించి నిశ్శబ్దమయ్యాక, దాని మౌనాన్ని కొలవడానికి రికార్డునే పక్కన పెట్టాల్సి వచ్చింది.